మూడో పిలుపు

కాళ్ళు ముడుచుకో. దుప్పటి గడ్డం దాకా లాక్కో. మధ్యలో ఊఁ కొట్టడం మానావంటే కథ అక్కడే ఆగిపోతుంది, ఆ తర్వాత నన్ననొద్దు.

అనగనగా మెట్ట మీద ఒక ఊరు. ఆ ఊళ్ళో సత్యవేణి అని ఒకావిడ. ఆవిడకి ఒక్కతే కూతురు, పేరు తాయారు. మూడో తరగతి చదివేది. ముందు పళ్ళు రెండూ ఊడిపోయి, నవ్విందంటే వీధి తలుపు తీసినట్టుండేది.

సత్యవేణి ఇంట్లో కూర్చుని జాకెట్లకి కాజాలు కుట్టేది. చేతిలో సూది ఎంత చప్పుడు చేస్తుందో ఆవిడా అంతే చప్పుడు. ఆడదాని గొంతు గడప దాటకూడదని చిన్నప్పుడెవరో అన్నారట. ఆ మాట పట్టుకుని కూర్చుంది. కూరల బండి వెళ్ళిపోతున్నా చెయ్యి ఊపేదే గానీ కేకేసేది కాదు. బండివాడు చూశాడా, వంకాయ కూర. చూడలేదా, ఆ పూట పచ్చడి మెతుకులు.

అప్పుడు బళ్ళో చెప్పారు, శని ఆదివారాలు కొండ దగ్గర పిల్లల క్యాంపు అని. గుడారాల్లో ఉండాలి, చెట్ల పేర్లు నేర్చుకోవాలి, తాళ్ళకి ముడులు వెయ్యాలి. చిన్న తరగతి పిల్లలకి ఇంట్లోంచి ఒక పెద్ద తోడు రావాలి.

తాయారు నాన్న లారీ మీద ఎక్కడో దూరాన ఉన్నాడు. "నువ్వే రావాలమ్మా" అంది తాయారు.

సత్యవేణి సూది గుచ్చబోయి ఆగింది. అక్కడ ఏదైనా అయితే నలుగురిలో నోరు విప్పాలి కదా! అయినా కూతురి మొహం చూసి, కాదనలేక, బట్టలూ ఓ డబ్బాడు జంతికలూ సర్దింది.

వాళ్ళు బస్సు దిగారో లేదో, వాన.

ముందు గుడారం మీద పడింది. కట్టిన గుడారం ఏనుగు కూర్చున్నట్టు కూలబడింది. ఆ తర్వాత పొయ్యి మీద పడింది. కట్టెలు తడిసి పొగే గానీ మంట లేదు. ఉప్మాకి పెట్టిన ఎసరు ఎంతకీ మరగలేదు. ఆ తర్వాత సరుకుల బస్తా మీద పడింది. ఉప్పు కాస్తా నీళ్ళైపోయింది. అందరూ రేకుల షెడ్డులోకి చేరి సత్యవేణి జంతికలు తలా ఒకటి తిన్నారు.

"ఎవరు చేశారమ్మా ఈ జంతికలు?" అని అడిగింది క్యాంపు నడిపే ఎస్తేరు మేడం. ఆవిడ మెడలో విజిల్ ఉండేది గానీ, ఆ గొంతుకి విజిల్ ఎందుకో ఎవరికీ తెలీదు. సత్యవేణి డబ్బా మూత వైపు చూసి నవ్వింది.

అప్పుడు సందె పడింది. మేడం దీపం పెట్టి పిల్లల్ని పేరు పేరునా పిలిచింది.

"తాయారూ!"

పలకలేదు.

"తాయారూ!"

ఎదురుగానే కూర్చుంది, కళ్ళు మిటకరిస్తోంది, పలకదు!

"ఏయ్ తాయారూ!"

"ఉన్నానండీ!"

"చెవుల్లో చింతపిక్కలు పెట్టుకున్నావా?" అంది మేడం. షెడ్డంతా నవ్వులు.

ఎందుకు పలకలేదో తెలుసా? వాళ్ళింట్లో ఓ పద్ధతి ఉంది. సందెవేళ ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మొదటిసారి పలకకూడదు. రెండోసారీ పలకకూడదు. దెయ్యానికి ఓపిక తక్కువట. రెండుసార్లు పిలిచి విసుగెత్తి పోతుందట. మూడోసారి కూడా పిలిస్తే, అది మనిషి. అప్పుడు పలకాలి. ఇది తాయారుకి నేర్పింది సత్యవేణే.

ఆ సంగతి మేడంకి చెబుదామని సత్యవేణి నోరు తెరిచింది. చదువుకున్నవాళ్ళ ముందు దెయ్యాల మాటేంటి, నవ్విపోతారని మళ్ళీ మూసుకుంది.

ఊఁ కొట్టు మరి. ఆఁ, అలాగ.

తెల్లారింది. ఆదివారం వాన వెలిసింది, ఎండ కూడా వచ్చింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక పిల్లలు ఆకులు ఏరడానికి వాగు దాటి జీడిమామిడి తోటలోకి వెళ్ళారు. పెద్దవాళ్ళు షెడ్డులో ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నారు.

అప్పుడు కొండ వెనక నుంచి మబ్బు లేచింది. ఎలాంటి మబ్బనుకున్నావు? కాటుక కుండ బోర్లించినట్టు. పట్టపగలే సందె పడిపోయింది. ఆ తర్వాత వాన దబదబా దిగింది. మేడం విజిల్ ఊదింది. పిల్లలంతా కోడిపిల్లల్లా పరిగెత్తుకొచ్చారు. అందరూ వచ్చారు. తాయారు రాలేదు.

సత్యవేణి ముందున్న కత్తిపీట అలాగే వదిలేసి లేచింది.

మేడం ముందు, మిగతా అమ్మలూ నాన్నలూ వెనక, అందరూ తోటలోకి పడ్డారు. వాగు అప్పటికే మోకాళ్ళ దాకా వచ్చింది. ఇంకాసేపైతే పిల్లని ఎత్తుకుని దాటడం కూడా కష్టం.

ఒకాయన పొడుగ్గా "తాయారూ" అని పిలిచి ముందుకి ఉరికాడు. ఇంకొకావిడ పిలిచి పక్కకి పోయింది. మేడం గొంతు చించుకుని రెండుసార్లు పిలిచి, విజిల్ ఊది, ఇంకో చెట్టు కిందకి పరిగెత్తింది. కంగారులో ఎవరూ ఒక్కచోట నిలబడటం లేదు. ఒకసారి పిలవడం, మహా అయితే రెండుసార్లు, అంతే, ముందుకి పోవడం.

సత్యవేణి వాళ్ళ వెనక తడిసిన చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పరిగెడుతోంది. అప్పుడు టక్కున తట్టింది. అయ్యో, ఇది సందె అనుకుంటోంది నా పిల్ల! వీళ్ళు పిలిచినట్టు పిలిస్తే అది తెల్లారినా పలకదు!

"మేడంగారూ, మూడుసార్లు పిలవాలండీ" అంది. వాన హోరులో ఆ మాట ఆవిడ పెదవి కూడా దాటలేదు.

"మూడుసార్లండీ!" అని మేడం కొంగు పట్టుకుని లాగింది.

"ఏంటమ్మా? గట్టిగా చెప్పండి! ఏం వినపడట్లేదు!" అంది మేడం, అటు తిరిగి పోతూనే.

ఇక సత్యవేణి ఎవరికీ చెప్పలేదు. అక్కడే నిలబడింది. బురదలో కాళ్ళు తన్నిపట్టింది. గుండెల నిండా గాలి పీల్చింది.

"తాయారూ!"

గొంతు జీరపోయింది. కోడిపుంజు కూత నేర్చుకుంటున్నట్టు వచ్చింది. వాన దాన్ని మింగేసింది.

"తాయారూ!"

ఈసారి గొంతు గడప దాటింది. చెట్టు మీద కాకులు లేచాయి. ముందు పోయినవాళ్ళు ఆగి వెనక్కి చూశారు. ఎవరీ కేక వేసింది అని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"ఒసేయ్ తాయారూ!"

అబ్బో, ఆ మూడో పిలుపు! కొండకి తగిలి తిరిగొచ్చింది. అది ఆగాక ఒక్క క్షణం వాన చప్పుడే. ఆ తర్వాత పక్కనే, మరీ పక్కనే, తోట కాపలా పాకలోంచి సన్నగా వినపడింది.

"ఓయ్! ఇక్కడున్నా!"

అందరూ ఆ పాక ముందు నుంచే కదా అటూ ఇటూ పరిగెత్తింది! తడిక తీసి చూస్తే, తాయారు మూల ముడుచుకుని, తెగిన చెప్పు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చెప్పు తెగి వెనకబడి, వానకి పాకలో దూరిందట. సత్యవేణి దాన్ని లాగి గుండెలకి అదుముకుంది. కొడదామని ఎత్తిన చెయ్యి తల నిమరడానికి పోయింది.

"ఎన్ని దెయ్యాలమ్మా ఇక్కడ!" అంది తాయారు. "అన్నిటికీ నా పేరు తెలుసు. ఒక్కటీ మూడోసారి పిలవలేదు. ఒకటైతే విజిల్ కూడా వేసింది!"

విజిల్ దెయ్యం పాక గుమ్మంలోనే ఉంది. మొహం చిట్లించి, అంతలోనే పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. మేడంని చూసి మిగతావాళ్ళూ నవ్వారు. వాన నీళ్ళేవో కన్నీళ్ళేవో తెలీలేదు.

మేడం తాయారుని భుజానికెత్తుకుని వాగు దాటించింది. షెడ్డులో పొడిబట్టలు కట్టించారు. ఈసారి పొయ్యి మండింది. వేడి వేడి ఉల్లిపాయ పులుసు పోసి అన్నం పెట్టారు. ఉప్పు లేని పులుసే, అయినా సత్యవేణికి అంత రుచి ఎప్పుడూ తగల్లేదు.

ఆ సాయంత్రం బస్సు ఎక్కేముందు మేడం మళ్ళీ పేర్లు పిలిచింది. ఒక్కో పేరూ మూడేసిసార్లు! పిల్లలు రెండుసార్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మూడోసారి "ఉన్నానండీ!" అని కేక. చివర్లో మేడం "సత్యవేణిగారూ!" అని పిలిచింది. ఆవిడ మాత్రం మొదటి పిలుపుకే పలికింది. "ఉన్నానండీ!" అని, బస్సు డ్రైవరు ఉలిక్కిపడేంత గట్టిగా.

బస్సులో తాయారు అమ్మ ఒళ్ళో తల పెట్టుకుంది.

"అమ్మా, తోటలో పిలిచింది నువ్వని తెలీలేదే. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. మూడుసార్లు పిలిచింది కదా అని పలికా."

సత్యవేణి దాని తడి జుట్టు సవరించింది. కిటికీ తలుపు కాస్త దించి, "ఇక నుంచి అమ్మ పిలిస్తే మొదటిసారే పలకాలి, సరేనా?" అంది.

"మరి అమ్మే పిలిచిందని ఎలా తెలుస్తుంది?"

"ఇప్పుడు విన్నావుగా" అంది సత్యవేణి.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఎప్పుడూ పచ్చడి మెతుకులు తినాల్సిన పని రాలేదు. కూరల బండి వీధి మొదట్లో ఉండగానే ఆవిడ ఒక్క కేకకి ఆగేది.

వాన పోయె వాగుకి,
కేక పోయె కొండకి,
కథ పోయె కంచికి,
కునుకొచ్చె కంటికి.

ఊఁ అనవేం? నిద్రపోయావా? సరే, పడుకో నా తల్లీ, ఇక మూడుసార్లు పిలవనులే.