గోడ అవతలికి పోయిన వేడి

జిలానీ ఆ రోజు తకియాకి రెండు వస్తువులు వదిలించుకోవడానికి వచ్చాడు. ఒకటి వెనక కొట్టంలో రొద పెడుతున్న యంత్రం. రెండోది జేబులో ఉన్న జపమాల.

మదనపల్లె దాటి కొండవారకు పోతే బుడన్‌షా హజరత్ తకియా వస్తుంది. తకియా అంటే సూఫీ గురువు ఉండే చోటే గానీ మేడలూ మినారులూ ఊహించుకోవద్దు. ఒక పెంకుటిల్లు, దాని ముందు అరుగు, వెనక ఒకప్పుడు దీపాల నూనె దాచుకున్న మట్టిగోడల కొట్టం. అంతే. హజరత్ సూఫీ గురువు. మాట్లాడటం తక్కువ, నవ్వడం ఎక్కువ. ఆయన దగ్గరికి వచ్చేవాళ్లలో జిలానీ అందరికన్నా పాతవాడు, అందరికన్నా తొందర ఎక్కువున్నవాడు.

జిలానీకి ఊళ్లో ఇన్వర్టర్లు బాగుచేసే దుకాణం ఉంది. చేతిలో పని ఉన్న మనిషి. అలాంటివాడికి ఎక్కడినుంచి పట్టుకుందో గానీ, నాణేలు తవ్వే యంత్రం పిచ్చి పట్టుకుంది. కంప్యూటర్లలో తప్ప కంటికి కనపడని నాణెం అది. దాన్ని తవ్వేది గునపంతో కాదు, అంకెలతో. యంత్రం ఒక అంకెను ఊహిస్తుంది. అది కాదంటే ఇంకొకటి, అదీ కాదంటే మరొకటి, రెప్పపాటులో లెక్కలేనన్ని. లోకమంతటా ఇలాంటి యంత్రాలు కోకొల్లలు. ఎవరి అంకె తగిలితే నాణేలు వాళ్లవి. తగలనివాళ్లకు కరెంటు బిల్లు.

కొత్త యంత్రం కొనడం వాడికి చిన్నతనంగా తోచింది. బెంగళూరు పాతసామాన్ల బజారులో తిరిగి ఎవరో పారేసిన బోర్డులు ఏరుకొచ్చాడు. చచ్చిపోయిందన్న బోర్డుకి టంకం పెట్టి ప్రాణం పోశాడు. పాత సర్వరు పొట్టలోంచి పవర్ సప్లై పీకి తగిలించాడు. పగటిపూటకి కొట్టం పైకప్పు మీద సోలార్ పలకలు, మిగతా వేళలకి సొంత మీటరు. ఇదంతా తకియాలో ఎందుకంటే, ఇంట్లో భార్య ఒక్క మాటే అంది: "అదన్నా ఉండాల, నేనన్నా ఉండాల." హజరత్‌ని అడిగితే "తెచ్చుకో" అన్నారు.

నలుగురితో కలిసి తవ్వుకుంటే దొరికినదాంట్లో చిటికెడన్నా వాటా వస్తుందని స్నేహితులు చెప్పారు. జిలానీ వినలేదు. దొరికితే మొత్తం దొరకాలి, అదీ తన చేత్తో చేసిన యంత్రానికే దొరకాలి. యంత్రం మీద చిన్న తెర ఒకటి అమర్చాడు. దొరికినవి ఎన్నో అది చూపిస్తుంది. పెట్టిన రోజు సున్నా చూపించింది. ఇవాళా సున్నాయే చూపిస్తోంది.

జపమాల సంగతీ ఇంచుమించు అంతే. వేకువ నమాజు అయ్యాక కొట్టం ముందు కూర్చుని జిలానీ గొంతెత్తి అల్లా నామస్మరణ చేసేవాడు. దాన్ని జిక్ర్ అంటారు. హజరత్ మాత్రం తన జిక్ర్ మనసులోనే చేసుకుంటారు, పెదవి కూడా కదలదు. "నువ్వు పైకి చెయ్యి" అని జిలానీకి మొదటిరోజే చెప్పారు. ఎందుకని వాడు అడగలేదు. తన తర్వాత వచ్చినవాళ్లు కలలో వెలుగు కనిపించిందని చెప్పుకుంటున్నారు. ఇన్నేళ్లకి జిలానీకి వచ్చింది మోకాళ్ల నొప్పి.

అందుకే ఆ రోజు తెగించి వచ్చాడు. డిసెంబరు మంచు మధ్యాహ్నమైనా విడవలేదు. హజరత్ దుప్పటి కప్పుకుని అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"హజరత్, ఆ యంత్రాన్ని ఊడదీసి తూకానికి వేసేస్తాను."

"వెయ్యి."

"ఇది కూడా తీసుకోండి." జపమాల తీసి ముందుకు చాచాడు. "ఆ యంత్రమూ నేనూ ఒకటే హజరత్. అది అంకెలు తిప్పుతోంది, నేను పూసలు తిప్పుతున్నాను. ఇద్దరికీ ఏమీ తగల్లేదు. మీరిచ్చింది ఉత్తదని అనడం లేదు. నాకు అర్హత లేదు, అంతే."

హజరత్ జపమాల వైపు చూడలేదు. లేచి, దుప్పటి సర్దుకుని, కొట్టంలోకి నడిచారు. జిలానీ వెనకే వెళ్లాడు.

కొట్టంలో ఫ్యాన్లు రొద పెడుతున్నాయి. బోర్డులు కాలిపోకుండా జిలానీ రేకు గొట్టమొకటి చుట్టి, వేడిగాలినంతా కిటికీలోంచి బయటికి తోలేశాడు. యంత్రం పనిలో సగం కష్టం ఆ వేడిని వదిలించుకోవడమే. గొట్టం వంపులు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది, అంత పొందికగా చేశాడు. హజరత్ దాని మీద అరచేతులు ఆనించి కాసేపు కళ్లు మూసుకున్నారు.

"ఇంత వేడి ఎక్కడికి పోతా ఉంది జిలానీ?"

"బయటికి హజరత్. దాంతో పనేముంది?"

హజరత్ మూలనున్న గునపం అందుకున్నారు. ఆ వయసులో ఆయన గునపమెత్తడం చూసి జిలానీ గాభరాపడ్డాడు. కిటికీ ఉన్న గోడ వదిలేసి, ఎదుటి గోడలో పొడిచారు. మట్టి పొలపొలా రాలింది. ఇంకో పోటుకి బెత్తెడు వెలుతురు కనిపించింది.

అవతల నుంచి ఒక ఆడగొంతు ఉలిక్కిపడింది. "ఎవురది? గోడ పొడస్తా ఉండారు?"

"నేనే చౌడమ్మా. వచ్చింటివే మొన్న, పొగ లేని కుంపటి కావాలని. ఇదో, కుంపటి."

చౌడమ్మ కొట్టం తకియా కొట్టానికి అంటుకునే ఉంది. మధ్యలో గోడ ఒక్కటే. ఆమె పట్టుపురుగులు పెంచుతుంది. పురుగులు చిన్నవిగా ఉన్నప్పుడు చలి తగిలితే ఆకు ముట్టవు, ముట్టకపోతే చస్తాయి. బొగ్గులు రాజేస్తే ఆ పొగ వాటికి పడదు. కిందటి చలికాలం పంటంతా ఎరువు దిబ్బలో పోసింది. ఈ పంట కూడా పోతే మల్బరీ పీకించేసి తోట కౌలుకిస్తానని, ఇక పురుగుల జోలికి పోనని హజరత్‌తో చెప్పుకుని ఏడ్చింది. ఆ సంగతి జిలానీకి తెలియదు. ఇన్నాళ్లూ ఆ గోడకి వీపు పెట్టి వేడిని ఎదుటి కిటికీలోంచి పారబోశాడు.

"నువ్వు చుట్టిన గొట్టమే గదా, తిప్పలేవా?" అన్నారు హజరత్.

జిలానీ గొట్టం తిప్పాడు. సూటిగా పోతే గాలి పురుగుల మీద కొడుతుందని రేకుతో పల్చగా విడదీశాడు. అవతల చౌడమ్మ తడి గోనెసంచులు వేలాడదీసి గాలి మరీ పొడిబారకుండా చూసుకుంది. పని అయ్యేసరికి పొద్దు వాలింది. అప్పుడు జిలానీకి జేబులో జపమాల గుర్తొచ్చి మళ్లీ తీశాడు.

హజరత్ మట్టి అంటిన చేతులు చూపించారు. "చేతులు బాగలేవు. పురుగులు గూడు కట్టినాక ఇద్దువులే. యంత్రం కూడా అప్పటిదాకా ఉండనీ."

గురువు చెప్పాక తప్పుతుందా? జిలానీ మళ్లీ వేకువనే రావడం మొదలుపెట్టాడు. జిక్ర్ చేసి, దుకాణానికి పోయేముందు గోడ కన్నం దగ్గర చెయ్యి పెట్టి చూసేవాడు. తెర మీద సున్నా అట్లాగే ఉంది. కానీ దాన్నిప్పుడు ముందు చూడటం మానేశాడు. ముందు గాలి చూసేవాడు.

పురుగులు వేలంత పొడవై, ఇక గూడు కడతాయనగా తుఫాను పట్టుకుంది. బంగాళాఖాతంలో ఎక్కడో పుట్టిన గాలి కొండల దాకా వచ్చి జోరున కురిసింది. సాయంత్రం నాలుగింటికే చీకట్లు కమ్మాయి. జిలానీ దుకాణం మూసే వేళకి ఫోను మోగింది. చౌడమ్మ.

"నాయనా, గాలి సల్లబడిపాయ. పురుగులు తలలు వాల్చేస్తా ఉండాయి. తొరగా రా నాయనా."

వర్షంలో బండి మీద తడిసి ముద్దయి వచ్చాడు. కరెంటు ఉంది. బోర్డులు బాగానే ఉన్నాయి. తెగిపోయింది ఇంటర్నెట్ తీగ. బయటి నుంచి లెక్క రాకపోతే యంత్రానికి చేయడానికి పని లేదు. పని లేకపోతే వేడి లేదు. ఫ్యాన్లు నీరసంగా తిరుగుతున్నాయి. తీగ ఎక్కడ తెగిందో, ఎప్పుడు కలుస్తుందో ఎవరికీ తెలియదు.

జిలానీ తల తుడుచుకోలేదు. ల్యాప్‌టాప్ తెరిచి యంత్రానికి తగిలించాడు. ఎప్పుడో ఎవరో గెలిచేసిన పాత లెక్కనొకదాన్ని దానికి ఇచ్చాడు. అందులో అంకె తగిలినా దొరికేది ఏమీ లేదు. ఆ నాణేలు ఎవరివో వాళ్లకి ఎప్పుడో చేరిపోయాయి. యంత్రానికి ఆ సంగతి తెలియదు గనక ఎప్పటిలాగే నమ్మకంగా మొదలుపెట్టింది. ఫ్యాన్లు గొంతు పెంచాయి. జిలానీ పరుగున పోయి కన్నం దగ్గర చెయ్యి పెట్టాడు. కాసేపటికి వేళ్లకి వెచ్చగా తగిలింది.

"వస్తా ఉండాది నాయనా, వస్తా ఉండాది!" అవతల చౌడమ్మ అరిచింది.

హజరత్ దుప్పటి కప్పుకుని ఎప్పుడొచ్చారో, వాకిట్లో నిలబడి ఉన్నారు.

"తీగ తెగిందన్నారే. మరి ఇప్పుడేం వెతకతా ఉంది?"

"ఏమీ లేదు హజరత్. దొరకడానికి ఏమీ లేదు. ఊరికే తిరుగుతోంది."

హజరత్ వచ్చి గొట్టానికి అరచేతులు ఆనించారు. చిన్నపిల్లవాడిలా సంబరంగా తల ఊపారు.

"వేడి మాత్రం అంతే ఉందే!"

జిలానీ తడి బట్టలతోనే గొట్టం పక్కన చతికిలబడ్డాడు. తుఫాను వెలిసేదాకా ఆ ఉత్తుత్తి లెక్కని దగ్గరుండి నడిపించాడు. తీగ మళ్లీ కలిశాక కూడా కొంతసేపు దాన్ని మార్చడం మరిచిపోయాడు.

పంట గట్టెక్కింది. చౌడమ్మ మొదటి గూళ్లు ఒక పళ్లెంలో పోసుకుని, పైన చేమంతులు పెట్టుకుని తకియాకి వచ్చింది. ముందు కొట్టంలోకి పోయి రేకు గొట్టానికి పసుపూ కుంకుమా పెట్టేసింది. కుంకుమ ఫ్యాన్లలో పడుతుందేమోనని జిలానీ అరచెయ్యి అడ్డం పెట్టాడు. తర్వాత ఆమె అరుగు దగ్గరికి వచ్చి పళ్లెం హజరత్ ముందు పెట్టి దణ్ణం పెట్టింది. గూళ్లు తెల్లగా, గట్టిగా, ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి.

"ఈ అబ్బోని మిషను లేకుంటే ఈ పొద్దు నా తోట నాది కాదు సామీ. బతికినంత కాలం మరిచిపోను." కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఇంకోటి గూడా చెప్పాల మీకు. మా ఆయన పోయినాక నాకు తెల్లారి లేసేదానికే ఇష్టం ఉండేది కాదు. ఏం లేసి ఏం చేసేదని అట్లే పండుకునేదాన్ని. అప్పుడు గోడ అవతల మీ జపం ఇనపడేది. మాటలు నాకు తెలవవు గానీ, ఆ గొంతు ఇంటా ఉంటే, ఎవురో ఒకరు లేసి ఉండారులే అనిపించేది. లేసి ఆకు తెచ్చుకునేదాన్ని. ఎన్నేండ్లో అయింది సామీ అట్ల. ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు మీకు."

"నా గొంతు కాదమ్మా," అన్నారు హజరత్. "నేను లోపల చేసుకుంటా. ఎవరికీ ఇనపడదు."

"మరి ఎవురు?"

హజరత్ జిలానీ వైపు చూశారు.

చౌడమ్మ కూడా చూసింది. చూసి, మళ్లీ చేతులెత్తి దణ్ణం పెట్టింది, ఈసారి వాడికి. జిలానీ ఎక్కడ చూడాలో తెలియక పళ్లెంలో గూళ్ల వైపు చూశాడు. అవి కళ్లకి మసకగా కనిపించాయి.

ఆమె వెళ్లాక హజరత్ కుడిచెయ్యి చాచారు. శుభ్రంగా కడుక్కున్న చెయ్యి.

"పురుగులు గూడు కట్టినాయి. ఏదో ఇస్తానంటివే."

జేబులో జపమాల చుట్టూ జిలానీ వేళ్లు బిగుసుకున్నాయి. ఇంకో చేత్తో హజరత్ చెయ్యి పట్టుకుని కళ్లకి అద్దుకున్నాడు. ఎంతసేపటికీ వదల్లేదు. హజరత్ కూడా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు వేకువన మంచు దట్టంగా ఉంది. జిలానీ నమాజు ముగించి, చాప చుట్టుకుని కొట్టం ముందు నుంచి లోపలికి పోయాడు. కన్నం ఉన్న గోడ దగ్గర చాప పరిచాడు. మోకాళ్లు నొప్పిపెట్టాయి, కూర్చున్నాడు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు, రోజూ కన్నా కాస్త గట్టిగా.

కాసేపటికి గోడ అవతల తలుపు గడియ తీసిన చప్పుడు వినిపించింది.