మస్తాన్‌రావు గారి అమ్మాయి

"స్వామీ, ఇక నావల్ల కాదు. నన్ను హిమాలయాలకు పంపించెయ్యండి" అన్నాడు విరాగానంద.

తాతస్వామి వంటింటి అరుగు మీద కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతున్నాడు. తలెత్తలేదు.

"ఏం, అక్కడ కాలేజీలు లేవా?"

"లేకేం స్వామీ, కొండ దిగగానే నాలుగు మంచివే ఉన్నాయి..." అనేసి, విరాగానంద నాలిక కరుచుకున్నాడు.

గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఆ చిన్న ఆశ్రమానికి తాతస్వామి గురువు. విరాగానంద ఒకే ఒక్క శిష్యుడు. సన్యాసం పుచ్చుకోక ముందు ఒంగోల్లో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పేవాడు. కాషాయం కట్టి మూడేళ్ళయింది. ఇల్లు వదిలాడు, ఉద్యోగం వదిలాడు, చివరికి కాఫీ కూడా వదిలాడు. కటాఫ్ ర్యాంకులు మాత్రం ఆయన్ని వదల్లేదు.

మొదటి ఏడాది ఎవరో భక్తుడు తీర్థం పుచ్చుకుంటూ, మావాణ్ణి ఏ కాలేజీలో వెయ్యమంటారు స్వామీ అని మాటవరసకి అడిగాడు. ఈయన చెప్పాడు. ఆ పిల్లాడు బాగుపడ్డాడు. అంతే, ఆ సంగతి నాలుగు మండలాలకు పాకింది. ఇప్పుడు ఎంసెట్ ఫలితాలు రాగానే ఆశ్రమానికి భక్తి పెరిగిపోతుంది. మోక్షం గురించి అడిగేవాళ్ళు ఏడాదికి ఇద్దరైతే, సీఎస్‌ఈ గురించి అడిగేవాళ్ళు రోజుకి ఇరవై మంది.

విరాగానంద విసుక్కునేవాడు. విసుక్కుంటూనే ఒక నోటుబుక్కు పెట్టాడు. నూట పన్నెండు కాలేజీలు. పోయినేడు ఏ ర్యాంకుకి సీటొచ్చింది, మధ్యలో ఎంతమంది లెక్చరర్లు మానేశారు, లేబొరేటరీకి తాళం ఎన్నాళ్ళు ఉంటుంది, హాస్టల్లో పప్పు ఎంత పల్చన... అన్నీ ఎర్ర సిరాతో, నీలం సిరాతో. ఎవరైనా ఆ పుస్తకాన్ని మెచ్చుకుంటే "అంతా మాయ నాయనా" అనేవాడు. అని, రెండో పేజీ కూడా తిప్పి చూపించేవాడు.

ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి అద్దంకి నుంచి మస్తాన్‌రావు వచ్చాడు. ట్రాక్టర్ల సామాను అమ్మే కొట్టు ఆయనది. వెంట కూతురు. కాలేజీల ఆప్షన్లు పెట్టడానికి సాయంత్రం ఆరింటితో ఆఖరు. ఆరు దాటితే పెట్టింది పెట్టినట్టు బిగుసుకుపోతుంది. ఆ పిల్ల నాలుగేళ్ళు ఎక్కడ చదవాలో, ఏం చదవాలో ఆ కొద్ది గంటల్లో తేలిపోవాలి.

"అమ్మాయి లెక్కల్లో ఎట్లా ఉంటుంది?" అని విరాగానంద అడిగాడు, నోటుబుక్కులోకి చూస్తూ.

"దానికి లెక్కలంటే ప్రాణం స్వామీ" అన్నాడు మస్తాన్‌రావు.

"హాస్టల్ అలవాటేనా?"

"దానికేం, ఎక్కడైనా ఉంటుంది."

అమ్మాయి ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చుంది. ఒకసారి ఏదో అనబోయింది. అప్పటికే మస్తాన్‌రావు ఇంకో కాలేజీ పేరెత్తాడు.

"మా తోడల్లుడి కొడుకు అందులోనే చేరాడు స్వామీ. వాళ్ళ బస్సుల్లో ఏసీ ఉంటుందంట."

"ఏసీ బస్సుకుంది. క్లాసులో ఫ్యాన్ కూడా తిరగదు" అన్నాడు విరాగానంద. "మీరొకసారి వెళ్ళి చూశారా? అక్కడ రెండో ఏడాది చదివే పిల్లలతో మాట్లాడారా?"

"హోర్డింగు చూశాను స్వామీ. మేదరమెట్ల దగ్గర. చాలా పెద్దది."

విరాగానంద కళ్ళు మూసుకుని మూడుసార్లు ఓంకారం చేశాడు. కళ్ళు తెరిచేసరికి మస్తాన్‌రావు పదిహేడో ఆప్షన్ని మూడోదాని మీదికి ఎక్కించి, మూడోదాన్ని కొట్టేసి, కొట్టేసినదాన్నే మళ్ళీ కింద రాస్తున్నాడు.

మధ్యాహ్నానికి ముప్పై నాలుగు ఆప్షన్లయ్యాయి. అప్పుడే ఆయన తోడల్లుడు ఫోన్ చేశాడు. ఫోన్ పెట్టేసి మస్తాన్‌రావు మొదటి నుంచీ మొదలుపెడదామన్నాడు. విరాగానంద లేచి, వంటింటి అరుగు దగ్గరికొచ్చి, హిమాలయాల సంగతి ఎత్తాడు.

తాతస్వామి అంతా విన్నాడు. చివరి గోరుచిక్కుడు తుంచి గిన్నెలో వేశాడు.

"వాళ్ళని భోజనానికి పిలువు. వంట కాగానే ఇవాళ నేను వడ్డిస్తా."

భోజనాల సావిట్లో గోడ మీద నీలం రంగుతో రాసుంటుంది: ఎవరి ఆకులో పడింది వాళ్ళే తినాలి, పారెయ్యకూడదు. మస్తాన్‌రావు కూర్చుంటూనే అది పైకి చదివి, కూతురి వైపు తిరిగి "చూశావా?" అన్నాడు.

తాతస్వామి ముందు మస్తాన్‌రావుకి అన్నం పెట్టేసి, గోంగూర పచ్చడి గిన్నె పట్టుకుని అమ్మాయి ముందు వంగాడు. "వెయ్యనా తల్లీ?"

"దానికి గోంగూర పడదు స్వామీ" అన్నాడు మస్తాన్‌రావు. "పప్పు వెయ్యండి."

తాతస్వామి సరేనని పప్పు గిన్నె తెచ్చాడు. రెండు గరిటెలు తీసి మస్తాన్‌రావు ఆకులో వేశాడు.

"నాక్కాదు స్వామీ, అమ్మాయికి!"

"అడిగింది నువ్వేగా" అన్నాడు ముసలాయన, తర్వాతి గిన్నె అందుకుంటూ. "గోరుచిక్కుడు కూర వెయ్యనా తల్లీ?"

"వెయ్యండి స్వామీ, తింటుంది" అన్నాడు మస్తాన్‌రావు. కూర ఆయన ఆకులో పడింది.

"అన్నం?"

"కాస్త ఎక్కువే వెయ్యండి. అది సిగ్గుపడుతుంది." మూడు హస్తాల అన్నం ఆయన ఆకులో పడింది. పప్పుకి కట్టిన గట్టు తెగి, చారుకోసం చేసుకున్న గుంట పూడిపోయింది.

మస్తాన్‌రావు గోడ మీది రాతని మళ్ళీ చదివాడు. ఈసారి లోలోపల. పాపం, తినడం మొదలుపెట్టాడు. అమ్మాయి ఆకులో నీళ్ళ చుక్కలు తప్ప ఏమీ లేవు.

స్తంభానికి ఆనుకుని నిలబడ్డ విరాగానందకి నవ్వాగలేదు. పొద్దుటి నుంచీ పడ్డ విసుగంతా తీరినట్టయింది. కాషాయం అంచు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

తాతస్వామి ఆయన వైపు తిరిగాడు.

"ఏరా, ఈ పిల్ల పేరేంది?"

విరాగానంద చంకలోంచి నోటుబుక్కు తీశాడు. పేజీ తిప్పాడు. ర్యాంకు ఉంది, ఇరవై ఎనిమిది వేల నాలుగొందల పదహారు. హాల్ టికెట్ నంబరుంది. ఇంటర్ మార్కులు సబ్జెక్టువారీగా ఉన్నాయి. ముప్పై నాలుగు కాలేజీలూ వరసగా ఉన్నాయి. అన్నిటికీ పైన, ఎర్ర సిరాతో, అడుగున గీత గీసి ఉంది:

మస్తాన్‌రావు గారి అమ్మాయి.

విరాగానంద నోటికి అడ్డం పెట్టుకున్న గుడ్డ వదిలేశాడు. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

తాతస్వామి పచ్చడి గిన్నె, గరిటె శిష్యుడి చేతిలో పెట్టి, వెళ్ళి తన ఆకు ముందు కూర్చున్నాడు.

విరాగానంద నోటుబుక్కు గట్టు మీద పెట్టాడు. అమ్మాయి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"నీ పేరేంటమ్మా?"

మస్తాన్‌రావు చెప్పబోయాడు. నోటినిండా పప్పన్నం. చెయ్యి మాత్రం ఊపాడు.

"సుదీప్తి" అంది ఆ పిల్ల.

ఆ గొంతు వినడం విరాగానందకి అదే మొదలు.

"ఏం వెయ్యమంటావు?"

ఆమె గిన్నెలన్నీ ఒకసారి చూసింది. తండ్రి వైపు చూసింది. ఆయన నములుతున్నాడు. ఇంకో రోజైతే ఈలోపు విరాగానంద తనే ఏదో ఒకటి వేసేసి ముందుకు వెళ్ళిపోయేవాడు. ఆగాడు. మోకాళ్ళు లాగుతున్నా కదలకుండా ఆగాడు.

"గోంగూర" అంది. "కాస్త ఎక్కువే వెయ్యండి."

మస్తాన్‌రావు నమలడం ఆపాడు.

ఒంటిగంటన్నరకి సుదీప్తి చెయ్యి కడుక్కుని వచ్చింది. విరాగానంద వరండాలో చాప పరిచి ఉంచాడు. నోటుబుక్కులో కొత్త పేజీ తీసి, పైన ఆమె పేరు రాసి, పెన్ను ఆమె ముందే పెట్టాడు.

ఆమె ఆ పేజీని పట్టించుకోకుండా వెనక్కి తిప్పింది. నూట పన్నెండు కాలేజీలూ మెల్లగా చూసింది.

"స్వామీ, ఇందులో మీరు స్వయంగా వెళ్ళి చూసినవి ఎన్ని?"

విరాగానంద 'అంతా మాయ' అనబోయి మానుకున్నాడు.

"రెండు" అన్నాడు.

"అక్కడ చదివేవాళ్ళ ఫోన్ నంబర్లు ఉన్నాయా?"

"ఆ రెండింటివీ ఉన్నాయి. మిగతావాటికి కనుక్కుంటాను. ఇంకా నాలుగ్గంటలుంది కదా."

"అయితే నేనే మాట్లాడతా. నావి మూడు ప్రశ్నలున్నాయి."

"ఇప్పుడు తోచాయా అమ్మా?"

"లేదు స్వామీ. పొద్దుటి నుంచీ ఉన్నాయి" అంది సుదీప్తి.

విరాగానంద తలొంచుకుని నంబర్లు వెతకసాగాడు.

లోపల సావిట్లోంచి మస్తాన్‌రావు కంగారుగా కేకేశాడు. "స్వామీ, ఆ ఏసీ బస్సుది... మొదట్లోనే పెట్టమనండి దాన్ని! నేనొచ్చేస్తున్నా, ఒక్క నిమిషం!"

అప్పటికి ఆయన ఆకులో కొండ సగమే కరిగింది.

తాతస్వామి మజ్జిగ చెంబుతో ఆయన ముందుకొచ్చి నిలబడ్డాడు.

"తొందరేం లేదు నాయనా" అన్నాడు. "నీ ఆకు నువ్వు తిను."