గాలయ్య వాటా

అనగనగా చలికొండ నెత్తిన ఒక ఊరు. ఆ ఊళ్ళో ప్రతి పెరట్లోనూ ఒక నీళ్ళ కాగు, కాగు నుంచి గోడ గుండా గదిలోకి ఒక ఇనప గొట్టం. కాగు కింద మంట పెడితే వేడినీళ్ళు గొట్టంలోకి పారి గది వెచ్చబడేది. అయితే నాన్నా, గొట్టం చుట్టూ గోడలో గుప్పెడు సందు వదలాలని ఆ ఊరి ఆచారం. దాని పేరు గాలయ్య వాటా. అది పూడిస్తే గాలయ్యకు కోపమొచ్చి ఇంటికప్పు ఎగరగొడతాడట. ఎవరు చూశారో, ఎవరు చెప్పారో!

ఆ ఊళ్ళో నూకాలమ్మ అని ఒక ముసలమ్మ. ఆవిడ కూతురు పండంటి ఆడపిల్లను కన్నది. గొట్టం ఎంత కాగినా, సందులోంచి చలిగాలి ఈల వేసుకుంటూ వచ్చి ఆ వేడంతా మింగేసేది. పసిగుడ్డు పెదాలు నీలంగా మారాయి. అప్పుడు నూకాలమ్మకు ఒళ్ళు మండింది.

"నా మనవరాలి వెచ్చదనంలో నీకు వాటా ఏట్రా?" అంది.

మొదట పాతగుడ్డలు కుక్కింది. గాలయ్య ఒక్క ఊపులో పీకి పారేశాడు. ఆ తర్వాత బంకమట్టి మెత్తింది. కాగు వేడెక్కేసరికి గొట్టం ఒళ్ళు విరుచుకుంది, మట్టి బీటలిచ్చింది. ఊరంతా నవ్వింది. నూకాలమ్మ ఊరుకుంటుందా? గొట్టం కదలడానికి మెత్తటి జాగా కావాలని కనిపెట్టింది. అప్పుడు గొట్టానికి గోగునార దిట్టంగా చుట్టింది. దాని చుట్టూ గడ్డి కలిపి తొక్కిన మట్టి మెత్తింది. ఈల ఆగిపోయింది.

ఊరిపెద్ద సోమన్న పరుగెత్తుకొచ్చాడు. "ఓలమ్మా, ఆచారం తప్పీసినావు! కప్పు ఎగిరిపోద్ది!"

"పోతే పోనీ బాబూ. కప్పు పోతే గడ్డి కోసుకొచ్చి మళ్ళీ కప్పుకుంటాను. పిల్ల పోతే ఏ కొండ మీంచి కోసుకొచ్చేది?" అంది నూకాలమ్మ.

ఆ సాయంత్రమే గాలయ్య వచ్చిపడ్డాడు. ఇంటి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. తలుపు తన్నాడు, గోడ గోకాడు, గొట్టం దగ్గర కూర్చుని బతిమాలాడు. నూకాలమ్మ మనవరాలిని ఒళ్ళో వేసుకుని కదల్లేదు. "ఇవ్వనంటే ఇవ్వను, ఫో!" అంది.

తెల్లారి చూస్తే సోమన్న ఇంటికి కప్పు లేదు. వాటా వదిలిన ఇళ్ళన్నిటికీ కప్పులు లేచిపోయాయి. నూకాలమ్మ ఇంటిమీద గడ్డిపరక చెదరలేదు. చూశావా నాన్నా, గాలయ్య కప్పు ఎత్తాలంటే ముందు లోపలికి దూరాలి. లోపలికి రమ్మని ఇన్నాళ్ళూ దారి వదిలింది వాళ్ళే!

ఆ తర్వాత సోమన్న తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చి, "మట్టి ఎలా తొక్కాలో సెప్పమ్మా" అన్నాడు.

"నెమ్మదిగా మాట్లాడు, పిల్ల లేస్తుంది" అంది నూకాలమ్మ. పిల్ల ఎర్రటి పెదాలు చప్పరిస్తూ హాయిగా నిద్రపోతోంది.

గోడకు మట్టి పూశాం,
గాలికి దారి మూశాం,
కథను కంచికి తోశాం,
మనం ముసుగు వేశాం!