గోడవతలి కొమ్మ

అడిగినవాడు తన ప్రశ్నను మరిచిపోయాక జవాబు చెప్పడం మా మాస్టారి అలవాటు. యజ్ఞేశ్వరం మాస్టారు కాలేజీలో తర్కశాస్త్రం చెప్పి రిటైరయినవారు. కాషాయం కట్టలేదు, ఆశ్రమం పెట్టలేదు. సాయంకాలం తన ఇంటి వరండాలో చాప పరిచేవారు, వచ్చినవాళ్లం కూర్చునేవాళ్లం. ఏదో ఒక ఉపనిషత్తులోంచి నాలుగు వాక్యాలు చదివి, అర్థం చెప్పి, "ఇక మీరడగండి" అనేవారు. అడిగితే మాత్రం చెప్పేవారు కారు. "చూద్దాం" అని లేచి, కూజాలోంచి నీళ్లు వంచుకుని తాగేవారు. నేను బి.ఏ.లో ఫిలాసఫీ చదివినవాణ్ణి. మా లెక్చరరు ఒకాయన ప్రశ్న పూర్తికాకముందే జవాబు మొదలుపెట్టేవాడు. ఆ జవాబుల్లో ఒక్కటీ నాకిప్పుడు గుర్తు లేదు. మాస్టారు గటగటా నీళ్లు తాగిన చప్పుడు మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది.

ఒక సాయంకాలం భానోజీరావు అడిగాడు. పోర్టులో ఇంజనీరుగా చేసినవాడు, మాస్టారి దగ్గరకు మా అందరికంటే ముందు నుంచీ వస్తున్నవాడు. అతని భార్య హైమవతి గారు పోయి ఏడాది దాటింది.

"మాస్టారూ, మాసికాలు ఒక్కటీ తప్పకుండా పెట్టాను. సంవత్సరీకమూ అయింది. వచ్చే ఆదివారం మా తోట ఆవిడ పేరున తెరుస్తున్నాను. పోయినవాళ్ల పేరున మనం చేసేది వాళ్లకు చేరుతుందా?"

"చూద్దాం" అన్నారు మాస్టారు, లేవబోతూ.

"పురోహితుడు చేరుతుందంటాడు. నేను చదివిన చదువు చేరదంటుంది. చేరితే ఒక గుర్తయినా కనబడొద్దా? ఇన్నాళ్లలో ఒక్కసారి కలలోకి కూడా రాలేదు."

ఎవరమూ తలెత్తలేదు. మాస్టారు కూజా దాకా వెళ్లారు, నీళ్లు తాగారు, ఆ రోజుకు అంతే.

తోట తెరవడమంటే ఏమిటో చెప్పాలి. విశాఖపట్నంలో కొండవాలున ఉన్న మా కాలనీలో తోటలున్న ఇళ్లవాళ్లు మాఘమాసంలో ఒక ఆదివారం గేట్లు బార్లా తీసి ఉంచుతారు. టికెట్టు కొనుక్కుని ఎవరైనా లోపలికి వచ్చి చూడవచ్చు. వచ్చిన డబ్బు కొండవతల ఉన్న ఒక ఆశ్రమానికి పోతుంది. ఇక నయం కాదని ఆసుపత్రులు ఇంటికి పంపేసినవాళ్లను, ఇల్లు కూడా వద్దన్నవాళ్లను అక్కడ చూసుకుంటారు. మంచి పనే. అయితే మంచి పనిలోకి కూడా పోటీ దూరడానికి ఎంతోసేపు పట్టదు. కాలనీ సెక్రటరీ గోవిందరాజులు నెల ముందు నుంచీ ఇల్లిల్లూ తిరిగి లోపాలు ఎంచేవాడు. పూయని మొక్కల జాగాలో కడియం నర్సరీల నుంచి పూసిన కుండీలు తెప్పించి, కుండీతో సహా మెడ దాకా పాతి, అక్కడే పుట్టి పెరిగినట్టు మట్టి సర్దించేవాడు. ఆదివారం చూసి మురిసినవాళ్లు సోమవారం వస్తే గోతులు కనిపించేవి. నా చిన్నతనంలో తోటంటే పెరట్లో బావి నీళ్లు పోయే దారిన నాలుగు అరటిచెట్లు, ఒక కరివేపచెట్టు. చూడ్డానికి ఎవరూ వచ్చేవారు కారు, కోసుకోవడానికి అందరూ వచ్చేవారు.

కోసుకోవడమంటే గుర్తొచ్చింది. మా కాలనీలో పూలదొంగలు ఎక్కువ. దొంగలంటే పెద్ద మాటే గాని మరో మాట లేదు. వెలుగు రాకముందే మంకీ క్యాపు పెట్టుకుని, చేతిలో క్యారీబ్యాగు, కొక్కెం కట్టిన కర్రతో వాకింగుకు బయల్దేరే పెద్దమనుషులు వాళ్లలో ఉన్నారు. కోర్టులో ఎందరికో శిక్షలు వేసి రిటైరయిన ఒకాయన మా గోడ మీది మందారాలు కోస్తూ నాకే దొరికాడు. "దేవుడికండీ" అన్నాడు. దేవుడి పేరు చెప్పాక నేనేమనను? భానోజీరావు మాత్రం అనేవాడు. గోడ మీద గాజుపెంకులు గుచ్చాడు. పూలు కోయరాదని బోర్డు పెట్టాడు. హైమవతి గారు ఈ యుద్ధంలో చేరలేదు. పొద్దున్నే చెంబుతో ఒక్కొక్క మొక్కకూ నీళ్లు పోసుకుంటూ వెళ్లేవారు. పక్కసందు వైపు గోడ దగ్గర ముద్ద నందివర్ధనం ఉండేది. దాని కొమ్మ ఒకటి గోడ దాటి సందులోకి వంగింది. కొట్టేస్తానని భానోజీరావు ఎన్నిసార్లన్నా, "దాని జోలికి పోకండి, అది నా కొమ్మ" అనేవారట.

భానోజీరావు ప్రశ్న అడిగింది సోమవారం. ఆ ప్రశ్నకు ముందు, అదే సాయంకాలం, అతను మమ్మల్ని బాగా నవ్వించాడు.

"నిన్న సాయంత్రం ఆ నందివర్ధనం కొమ్మ కొట్టేశాను మాస్టారూ. గోవిందరాజులు వచ్చి చూసి, తోటంతా దొరసానిలా ఉంది, ఆ కొమ్మొక్కటీ చింపిరిజుట్టులా ఉందన్నాడు. నిజమే కదా, పదిమంది వచ్చి చూసేటప్పుడు ఆవిడ తోట తీరుగా ఉండాలి. కొట్టాక తెలిసింది, దొంగల తెలివి. కొమ్మ కిందికి వంగి ఉండేట్టు గోడ మేకుకు కట్టుకున్నారు." జేబులోంచి ఒక గుడ్డపేలిక తీసి చూపించాడు. వంకాయరంగు చీర అంచు, జరీ వెలిసిపోయింది.

"పొద్దున్నే ఎవత్తో వస్తుంది. గోడవతల నిలబడి ఏదో గొణుగుతుంది. నా చెవి సంగతి మీకు తెలుసుగా, ఏమంటుందో వినబడదు. ఆ మధ్య ఒకరోజు నీళ్లు పెడుతూ పెడుతూ పైపు అటు తిప్పాను. కిక్కురుమనలేదు."

మేం నవ్వాం. మాస్టారూ నవ్వారు. పేలిక చేతిలోకి తీసుకుని, "మంచి అంచు. ఎవరి చీరో" అన్నారు.

"ఎవరిదైతేనేం" అని భానోజీరావు దాన్ని వరండా మెట్ల మీంచి వీధిలోకి విసిరేశాడు. ఆ తర్వాతే ప్రశ్న అడిగాడు.

ఆదివారం ఆకాశం మూసుకుని ఉంది. రాత్రి కురిసిన వాన వల్ల డేలియాలు తలలు వేలేశాయి. గోవిందరాజులు వాటికి పుల్లల ఊతమిచ్చి నిలబెట్టించాడు. గేటు పక్కన కుర్చీలో హైమవతి గారి ఫొటో, దానికి చామంతుల దండ, పైన ఆవిడ పేరున బోర్డు. వచ్చినవాళ్లు ఫొటోకు నమస్కారం పెట్టి, చెప్పులు విడవాలా వద్దా అని ఒక క్షణం తటపటాయించి, లోపలికి వెళ్లేవారు. "ఇవి నిజం పూలేనా?" అని ఒకావిడ గిల్లి చూసింది. "గిల్లాక నిజమే, గిల్లకముందు ఇంకా బాగుండేవి" అన్నాడు గోవిందరాజులు. మాస్టారూ నేనూ నందివర్ధనం దగ్గరి సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. ఆయనకు నడక కష్టం, నాకు పూల కంటే కూర్చోవడం ఇష్టం.

అప్పుడు ఒకామె వచ్చింది. యాభై దాటి ఉంటుంది. ఇస్త్రీ చేసిన నూలు చీర, చేతిలో టికెట్టు. అందరిలాగే ఫొటోకు దండం పెట్టింది. డేలియాల వైపు చూడలేదు. గోడ వెంబడే వచ్చి, కొట్టేసిన కొమ్మ మొదలు దగ్గర ఆగి, దాన్ని వేలితో తడిమింది. భానోజీరావు ఆమెను గేటు దగ్గర్నుంచీ కనిపెడుతూనే ఉన్నాడు. వెనకే వచ్చాడు.

"ఏమ్మా, పూలు అటున్నాయి. ఇక్కడేం చూస్తున్నావు?"

"కొమ్మండి. మొదలికంటా కొట్టీసినారు." ఆమె కొంగు సర్దుకుంది. "ఇల్లు తమదేనా బాబూ? అమ్మగారున్నారా?"

"ఏ అమ్మగారు?"

"పొద్దున్నే మొక్కలకి నీళ్లు పోస్తారు, ఆ అమ్మగారండి. ఒక్కసారి పిలవండి. తప్పు చెప్పుకుని ఎల్లిపోతాను. ఊరికే రానేదండి, టికెట్టు కొనుక్కునే వొచ్చినాను."

"ఏం తప్పు?" అన్నాడు భానోజీరావు. ఆ మాట నెమ్మదిగా వచ్చింది.

"ఎనకవీధిలో ఉంటానండి. హాస్టల్లో వంట పని. పొద్దున్నే పోతూ ఇంట్లో పటానికి నాలుగు పూలు ఈ కొమ్మకే కోసుకుంటాను. పోయిన ఆదివారం మాఘమాసం పూజ గదాని రెండు గుప్పిళ్లు ఎక్కువ కోసీసినాను. తెల్లారొచ్చి చూస్తే కొమ్మే నేదు. అమ్మగారికి కోపమొచ్చీసింది. నాకు అందటం నేదని ఆ కొమ్మ వంచి కట్టింది అమ్మగారేనండి. ఒంకాయరంగు చీర అంచు చింపి కట్టినారు."

ఆమె మా వైపు కూడా ఒకసారి చూసి, మేమూ వినదగినవాళ్లమే అనుకుందో ఏమో, చెప్పుకుపోయింది.

"మనిషినెప్పుడూ చూళ్లేదండి. కట్టిన రోజు గోడ మీద చెయ్యి కనబడింది, గాజుల చెయ్యి. 'అమ్మా, కోసుకుంటన్నాను' అని నేననేదాన్ని. అమ్మగారు 'ఊఁ' అనేవారు. అంతే మా మాటలు. ఏడాది నుంచి ఊఁ అనడం మానీసినారు. నీళ్ల చప్పుడు వినబడతంది, మాట నేదు. ఏటి తప్పు చేసినానో తెల్దు. ఒకరోజు నీళ్లు నా మీదికే కొట్టినారు. తడిసిపోయి అలాగే పనిలోకెల్లినాను. పోన్లే, అమ్మగారి చేతి నీళ్లే గదా అనుకున్నాను. ఇప్పుడు కొమ్మే తీయించీసినారంటే ఇంక ఊరుకోకూడదని వొచ్చినానండి."

నేను మాస్టారి వైపు చూశాను. ఆయన కర్ర పిడి మీద రెండు చేతులూ పెట్టుకుని నేల చూస్తున్నారు.

"రా అమ్మా" అన్నాడు భానోజీరావు. ముందు నడిచాడు. ఆమె వెనకే వెళ్లింది. మేమూ లేచాం. గేటు దగ్గర కుర్చీ ముందు ఆగి, "ఈవిడే" అన్నాడు.

ఆమె వంగి చూసింది. దండ కొంచెం పక్కకు జరిపి మళ్లీ చూసింది.

"ఈవిడేనాండి? నేనింకా పెద్దావిడనుకున్నాను."

దండ మళ్లీ సర్ది అడిగింది. "ఎప్పుడండి?"

"పోయినేడు, పుష్యమాసంలో."

ఆమె మనసు వెనక్కి నడుస్తున్నట్టు మొహంలోనే తెలుస్తోంది. "మరి నీళ్లు?"

"నేనే పోస్తున్నాను."

"నా మీద..."

"అదీ నేనే." తర్వాత, ఆమె అడగకుండానే, "కొమ్మ కూడా" అన్నాడు.

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఎవరినీ నిందించలేదు. ఫొటో వైపే చూస్తూ, ఎంతోకాలంగా మోస్తున్నదేదో దించినట్టుగా అంది. "అయితే అమ్మగారికి నా మీద కోపం నేదు."

"లేదమ్మా. ఎప్పుడూ లేదు. రేపట్నుంచి లోపలికే వచ్చి కోసుకో. గేటు తీసి ఉంచుతాను."

"వొద్దు బాబూ" అంది. మాటలో కోపం లేదు, అతనికి అదే కష్టమై ఉంటుంది. "ఇప్పుడెవరికి చెప్పి కోసుకోవాలి?"

ఆమె ఫొటోకు ఇంకోసారి దండం పెట్టి వెళ్లిపోయింది. ఈసారి దండం వేరుగా ఉంది. అదే సమయానికి గోవిందరాజులు మైకులో చెబుతున్నాడు, ఈ ఏడు అందరికంటే ఎక్కువమంది చూసిన తోట హైమవతి గారిదేనని, ఆవిడ ఆత్మ ఎక్కడున్నా సంతోషిస్తుందని. జనం చప్పట్లు కొట్టారు.

భానోజీరావు ఆ చప్పట్ల మధ్య నుంచే నందివర్ధనం దగ్గరకు తిరిగి వెళ్లాడు. గోడ మేకును చేత్తో తడిమి చూశాడు. అక్కడ వంకాయరంగు పోగు ఒకటి ఇంకా చిక్కుకుని ఉంది. దాన్ని లాగబోయి మానేశాడు. మాస్టారు మెల్లగా వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. భానోజీరావు ఆయన వైపు తిరిగాడు.

"మాస్టారూ, ఆ రోజు పేలిక మీ మెట్ల దగ్గర ఎటు విసిరాను? ఎడమ వైపా, కుడి వైపా?"

వారం కిందటి మాట. వీధి ఊడ్చేవాళ్లు రోజూ వస్తారు. ఆ సంగతి అతనికీ తెలుసు. వరండాలో అడిగిన ప్రశ్న మాత్రం ఆ క్షణాన అతనికి గుర్తున్నట్టు నాకనిపించలేదు.

బెంచీ పక్కన వచ్చినవాళ్లకని పెట్టిన నీళ్లకూజా ఉంది. మాస్టారు దాని వైపు చూశారు గాని తాకలేదు.

"మొన్న అడిగావు కదా భానోజీ, చేరుతుందా అని" అన్నారు. "చేరుతుంది, ఏం చేసినా చేరుతుంది. భయమంతా అందుకే."