బావి అడుగున చల్లదనం

పరాంకుశస్వామి ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ముందు అడిగినవాడి ఇంటి సంగతులు అడిగేవారు. హరినాథం స్వామి ఆశ్రమానికి వచ్చి ఏడాది తిరగకముందే ఒక సాయంత్రం ఆయన ఎదుట కూర్చుని అడిగాడు.

"స్వామీ, కళ్ళ ముందు ప్రాణం పోతుంటే ఆగి ఆలోచించేవాడికి దయ ఉన్నట్టేనా?"

ఇంట్లో ఏం జరిగిందని స్వామి అడిగారు. హరినాథం దాచలేదు. అతని మేనల్లుడు కృష్ణానదిలో స్నానానికి దిగి కొట్టుకుపోయాడు. గట్టు మీదున్న హరినాథం తమ్ముడు నీళ్ళలోకి దూకకుండా తాడు కోసం పడవల దగ్గరికి పరిగెత్తాడు. తాడు తెచ్చేసరికి పిల్లవాడు కనిపించలేదు. ఆనాటి నుంచి హరినాథం తమ్ముడి ముఖం చూడలేదు.

స్వామి అప్పుడు, తాను నల్లమల అంచున ఒక పల్లెలో ఉన్న రోజుల్లో జరిగిన సంగతి చెప్పారు.

ఆ పల్లెలో ఓబులమ్మ అనే ఆమెకు మద్దిలేటి, ఈరన్న, సుంకన్న అని ముగ్గురు కొడుకులు. భర్త లేడు. చేలో లోతైన పాత బావి ఉండేది. ఏటా చలికాలంలో, పొద్దున్నే, అన్నదమ్ములు అందులోకి దిగి పూడిక తీసేవాళ్ళు. ఎన్నడూ ఎవరికీ తల కూడా తిరగలేదు. నీళ్ళయినా గాలయినా వెచ్చబడితే తేలికై పైకి లేస్తుంది, చల్లబడితే బరువెక్కి కిందికి దిగుతుంది. చలి పొద్దుల్లో బావిలోని గాలి బయటి గాలికన్నా వెచ్చగా ఉంటుంది. అది పైకి వచ్చేస్తుంటే బయటి చల్లగాలి దాని చోటులోకి దిగుతుంది. అలా బావి తనంతట తాను ఊపిరి తీసుకునేది. ఆ సంగతి అన్నదమ్ములు ఎరగరు. తమ బావి మంచిదని మాత్రం అనుకున్నారు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. చేలోని చీనీబత్తాయి చెట్లు ఎండుముఖం పట్టాయి. చలికాలం దాకా ఆగితే తోట మిగలదని, నడివేసవిలో మిట్టమధ్యాహ్నం పూడికకు దిగారు. బయటి గాలి నిప్పులా కాగి తేలికగా ఉంది. బావిలో గాలి చల్లగా, బరువుగా, కుండలో నీళ్ళలా కదలకుండా పడి ఉంది. కుళ్ళిన ఆకుల బురదలోంచి పుట్టిన చెడుగాలి కూడా పైకి పోయే దారిలేక అక్కడే ఉండిపోయింది.

పెద్దవాడు మద్దిలేటి తాడు పట్టుకుని దిగాడు. అడుగు చేరుతూ, "లోపల సల్లగుందమ్మా," అన్నాడు. ఆ తర్వాత అతని మాట వినిపించలేదు. ఈరన్న తొంగి చూసి, అన్న బురదలో బోర్లా పడి ఉండటం చూసి, గట్టు మీదున్న తల్లి పిలుస్తున్నా వినకుండా దిగాడు. వంగి అన్న భుజం పట్టుకున్నాడు. అలాగే అతని మీద ఒరిగిపోయాడు. అరుపు లేదు, మూలుగు లేదు.

సుంకన్న తాడు అందుకున్నాడు. ఓబులమ్మ అతని నడుము పట్టుకుంది. విదిలించుకున్నాడు. గడ్డి కోయడానికి తెచ్చిన కొడవలి ఆమె చేతిలోనే ఉంది. బావి ఒరమీద తాడును ఒక్క వేటుకు కోసేసింది. తాడు లోపల పడిపోయింది.

"ఇద్దరు పొయినారు. నువ్వు పోవద్దు," అంది.

పక్క చేలవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఇంకో తాడు ఊళ్ళోంచి రావాలి. ఈలోగా చెడుగాలి చెదరాలని ఉన్న నీళ్ళన్నీ బావిలో కుమ్మరించారు. తాడు వచ్చాక వేపకొమ్మల మోపు కట్టి దింపుతూ లాగుతూ లోపలి గాలిని కదిలించారు. దీపం దించితే మొదట ఆరిపోయింది. అది ఆరకుండా నిలిచేదాకా ఆగి, అప్పుడు మనుషులు దిగారు. ఇద్దరినీ పైకి తెచ్చారు. ఇద్దరిలోనూ ప్రాణం లేదు.

తాడు ఉంటే రెండోవాడైనా దక్కేవాడని ఊరంతా అంది. కావచ్చు, కాకపోవచ్చు. దినవారాలలో ఓబులమ్మ పక్కన ఏ ఆడమనిషీ కూర్చోలేదు. కర్మలు ముగిసిన మర్నాడు సుంకన్న, "నా అన్నల తాడు కోసింది నువ్వే," అని చెప్పి, భార్యను తీసుకుని ఊరి అవతల వేరే కాపురం పెట్టాడు. స్వామి ఒకసారి ఓబులమ్మ ఇంటికి వెళితే, అన్నం పెట్టి, తినేదాకా గోడకు ఆనుకుని నిలబడింది. కొడుకుల మాట ఎత్తలేదు.

చెప్పడం ముగించి స్వామి లేవబోయారు. హరినాథం తల వంచుకునే ఉన్నాడు.

"ఆ తల్లికి దయ ఉన్నట్టా, లేనట్టా స్వామీ?" అని మెల్లగా అడిగాడు.

"సుంకన్నకు ఇప్పుడు ఇద్దరు పిల్లలు," అన్నారు స్వామి. "వాళ్ళను ఆమె గడప తొక్కనివ్వడు."