దుప్పికి ఎంత తూటా

గోపాత్రుడు గారు వేట నేర్పేవారే కానీ, అడిగినదానికి జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. శిష్యుడు ప్రశ్న వేస్తే ఏదో ఒక పని పురమాయించేవారు. పని అయ్యాక ఇంకా ప్రశ్న మిగిలితే అప్పుడు చూద్దాం అనేవారు. ఈ కథ రాస్తున్నవాడికి దీపావళినాడు సీమటపాకాయ ముట్టించాలన్నా చెయ్యి వణుకుతుంది. అందుకని ఇందులో తుపాకి సంగతులన్నీ ఆయన శిష్యుడు పోలినాయుడు చెప్పినవి. తప్పులుంటే మాత్రం రాసినవాడివి.

పాడేరు కొండల్లో, పర్మిట్టు ఉంటే దుప్పి వేటకు అడ్డులేని రోజులవి. పోలినాయుడికి ముప్పై దాటాయి. మీసం దిట్టంగా ఉండేది. వేటగాడి లక్షణాల్లో అప్పటికి అతనికి అబ్బింది అదొక్కటే. మేనమామ అడవిదున్నల మీద వాడిన పెద్ద రైఫిలు ఒకటి అతని చేతికొచ్చింది. దాని తూటా బొటనవేలంత లావు. దానితో ఆ ఏడు వరసగా రెండు దుప్పులను గాయపరిచాడు. మొదటిది దొరకనే లేదు. రెండోదాని నెత్తుటి జాడ పట్టుకుని గురుశిష్యులిద్దరూ పొద్దంతా నడిచారు. అది గెడ్డ ఒడ్డున, నీళ్లకు కాస్త ఇవతల, పొట్ట చీలిపోయి ఇంకా ఊపిరి తీస్తూ కనిపించింది. మిగిలిన పని గోపాత్రుడు గారే చేశారు. తిరుగుదారిలో ఒక్క మాటే అన్నారు.

"మూడోది కూడా ఇలాగే పోయిందంటే, తుపాకి నా గుమ్మంలో పెట్టేసి మీ అయ్యతో బెల్లం వండుకో."

వేట వదులుకోవడం కంటే పోలినాయుడికి మీసం తీసెయ్యడమే తేలిక. బాగా ఆలోచించాడు. ఆలోచన అతనికి అలవాటు లేని పని కనక, తప్పంతా తూటాదేనని తేలింది. పొద్దున్నే మేనమామ రైఫిలు భుజాన వేసుకుని గురువుగారి వాకిట్లో దిగాడు.

"గురువుగారండీ, ఏనుగుల్ని కొట్టే రైఫిలు ఒకటి అమ్మకానికుందట. దాని తూటా ఎక్కడ తగిలినా దుప్పి అక్కడే పడిపోద్ది గదా? అసలు దుప్పికి ఎంత తూటా కావాలో చెప్పెయ్యండి, ఇంక మిమ్మల్ని విసిగించను."

"ఎక్కడ తగిలినా అంటే? ఎక్కడ తగలాలని నీ ఉద్దేశం?"

"ఎక్కడో ఓ చోట తగుల్తాది కదండీ."

గోపాత్రుడు గారు లేచి, పెరటి వెనక మట్టిగట్టుకు ఒక విస్తరాకు గుచ్చి వచ్చారు. "నువ్వు ఆకు మీంచి చూపు తిప్పకు. తూటా నేను పెట్టి ఇస్తాను" అన్నారు.

మొదటి దెబ్బకు గట్టు మీద మట్టి లేచింది. ఆకు కదల్లేదు. రెండో దెబ్బకూ అంతే. తుపాకి మడమ తన్నిన తన్నుకు పోలినాయుడి భుజం వాచింది గానీ మీసం మాత్రం వాలలేదు. గురువుగారు మళ్లీ నింపి ఇచ్చారు. గురి పెట్టి ట్రిగ్గరు నొక్కాడు. టిక్కుమంది, అంతే. తుపాకి పేలలేదు. పేలని తుపాకి గొట్టం మాత్రం ఒక్క ఊపున నేలచూపు చూసింది. పోలినాయుడు కళ్లు గట్టిగా మూసుకుని, పళ్లు బిగించి, భుజం అంత దూరం వెనక్కి లాక్కుని ఉన్నాడు.

కళ్లు తెరిచేసరికి గురువుగారు బోల్టు లాగి, ఎప్పుడో పేలిపోయిన ఉత్త తూటా తీసి చూపించారు.

"ఇది పేలేది కాదు గదరా. మరి నిన్ను తన్నిందెవరు?"

పోలినాయుడు నవ్వబోయాడు. నవ్వు రాలేదు. గెడ్డ ఒడ్డున పడున్న దుప్పి అతని కళ్ల ముందు మెదిలింది.

గోపాత్రుడు గారు లోపలికెళ్లి తన రైఫిలు తెచ్చారు. మధ్యరకంది. దాని తూటా చిటికెన వేలంత లావు కూడా లేదు.

"దీంతో కొడితే కుందేలు కూడా నవ్వుద్దండి."

"నవ్వనీ. కళ్లు తెరిచుంచితే అది నవ్వడమైనా కనిపిస్తాది."

ఆనాటి నుంచి పోలినాయుడు ఆ చిన్న రైఫిలుతో గట్టు వదల్లేదు. ఏ తూటా పేలుతుందో, ఏది ఉత్తదో చెప్పకుండా గురువుగారు నింపి ఇచ్చేవారు. ఉత్తది వచ్చినప్పుడల్లా గొట్టం కిందికి వంగి అతని గుట్టు బయటపెట్టేది. గానుగ దగ్గర చెయ్యి వెయ్యమని అయ్య కబురు పెట్టినా కదల్లేదు. "పేలని తుపాకితో రోజూ యుద్ధమే, ఇంకా గెలవలేదా?" అని భార్య పైడమ్మ గంజి గిన్నె పెట్టి పోయేది. గంజి తాగి మళ్లీ నిలబడేవాడు. ఈ రైఫిలు తన్ను తేలిక కావడంతో రోజురోజుకూ కళ్లు మూసుకోవడం తగ్గింది. చివరికి ఒక పొద్దున ఉత్త తూటా టిక్కుమన్నా గొట్టం బండమీద పెట్టినట్టు నిలిచింది.

"రేపు అడవికి పోదాం" అన్నారు గురువుగారు.

మర్నాడు తెల్లవారి, చెట్లు పలచబడ్డ చోట ఒక కొమ్ముల దుప్పి వీపు ఇటు పెట్టి మేస్తూ కనిపించింది. పోలినాయుడు రైఫిలు ఎత్తాడు. వెనుక నుంచి కొడితే తూటా పొట్టలోకే పోతుంది. నొక్కలేదు. దుప్పి తలెత్తి చెవులు నిక్కించింది. ఒక్క గెంతు గెంతితే పొదల్లో కలిసిపోతుంది. పోతే పోనీ అనుకుని ఆగాడు. అది పక్కకు తిరిగింది. ముందుకాలి వెనక, గుండె ఉండే చోట గురి నిలిపి, కళ్లు తెరుచుకునే నొక్కాడు. తూటా తగిలినచోట వెంట్రుకలు చెదరడం కూడా చూశాడు. దుప్పి నాలుగు గెంతులు వేసి కూలిపోయింది. వాళ్లు చేరేసరికి ప్రాణం లేదు. గురువుగారు చెయ్యవలసిన పనేమీ మిగల్లేదు.

పోలినాయుడు వంగి ఆ గాయం పక్కన చిటికెన వేలు పెట్టి కొలిచాడు. తర్వాత అన్నాడు.

"అయితే గురువుగారండీ, దుప్పికి ఈ తూటా సరిపోద్దన్నమాట."

గోపాత్రుడు గారు దుప్పి మెడ మీద చెయ్యి ఉంచి కూర్చున్నారు.

"దుప్పి సంగతి నాకు తెలీదురా" అన్నారు. "నీకు సరిపోయింది."