ఎవరూ తెరవని ఈమెయిలు పత్రిక

పరాంకుశం పంపే ఈమెయిలు పత్రికను ఎవరూ తెరవడం లేదు.

మదనపల్లె అవతలి కొండల్లో నిర్మోహానంద స్వామి ఆశ్రమం ఉంది. దాన్ని ఆనుకునే చిన్న బడి. పిల్లలు అక్కడే ఉండి చదువుకుంటారు. తల్లిదండ్రులు ఎక్కడెక్కడో ఉంటారు. బిడ్డల సంగతి ఏమీ తెలియడం లేదని ఆ ఏడు కొందరు పిల్లల్ని తీసుకుపోయారు. ఇంకొందరు తీసుకుపోయేలా ఉన్నారు. బడి నిలిచేలా లేదు.

"వారం వారం వాళ్ళకి నాలుగు మాటలు రాయి నాయనా," అని స్వామి ఆ పని శిష్యుడు పరాంకుశానికి అప్పజెప్పారు.

ఆశ్రమానికి రాకముందు పరాంకుశం ప్రకటనల కంపెనీలో పనిచేసినవాడు. నాలుగు మాటలతో ఆగే రకం కాదు. పత్రికకు 'విద్యాదివ్యప్రభ' అని పేరు పెట్టాడు. పైన ఉదయిస్తున్న సూర్యుడు, సూర్యుడి నడుమ స్వామివారి ఫొటో. మొదటి పేరాలో సృష్టి మొదలయ్యేది. రెండో పేరాలో గురుకుల వైభవం. బడి దాకా వచ్చేసరికి చదివేవాడికి ఆవలింతలే.

మూడు సంచికలు వెళ్ళాయి. తెరిచిన కొద్దిమందిలో ఒకడు తనే. ఒక తండ్రి మాత్రం జవాబు రాశాడు: "దయచేసి ఆపండి."

"జనానికి అభిరుచి చచ్చిపోయింది స్వామీ," అన్నాడు పరాంకుశం, వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న స్వామితో. "శీర్షిక ఎలా పెడితే తెరుస్తారంటారు? పొద్దున పంపాలా, సాయంత్రం పంపాలా? రంగులు పెంచనా?"

"చూద్దాంలే," అన్నారు స్వామి.

ఆ వారంలోనే నెల్లూరులో పరాంకుశం తల్లికి కంటి ఆపరేషను. పెద్దావిడ, పైగా చక్కెర జబ్బు. ఆ రోజు పొద్దుటి నుంచీ అతను జపమాల పట్టుకుని ఆశ్రమం ఫోను చుట్టూ ప్రదక్షిణలు చేశాడు. సరిగ్గా స్నానానికి వెళ్ళినప్పుడే ఫోను మోగింది. స్వామి తీశారు.

"నాయనా, మీ చెల్లెలు చేసింది."

తడి తలతోనే పరుగెత్తుకొచ్చాడు. "ఏమంది స్వామీ?"

స్వామి నింపాదిగా కూర్చుని, గొంతు సవరించుకున్నారు.

"సర్వేంద్రియాలలోనూ నయనం ప్రధానం. సృష్ట్యాదిలో సూర్యభగవానుడు తన తేజస్సును..."

"స్వామీ, అమ్మ..."

"...మానవ నేత్రంలో నిక్షేపించాడు. అట్టి నేత్రాన్ని కాపాడే వైద్యాలయాలు మన పుణ్యభూమిలో..."

"ఆపరేషను అయిందా స్వామీ?"

"అక్కడికే వస్తున్నాను. ముందు ఆసుపత్రి అధ్యక్షులవారి సందేశం."

పరాంకుశం ఇక ఆగలేకపోయాడు. గురువని కూడా చూడకుండా ఆయన మోకాళ్ళు పట్టుకుని ఊపేశాడు. "మీకు పుణ్యముంటుంది, మా అమ్మకెలా ఉందో చెప్పండి!"

"బాగుంది. కట్టు రేపు విప్పుతారు. నువ్వు చిక్కిపోయావేమో కనుక్కోమందట."

పరాంకుశం అక్కడే కూలబడ్డాడు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ తర్వాత స్వామి ముఖం కేసి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

స్వామి లేచి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం పరాంకుశం తిన్నగా పిల్లల భోజనాల బంతిలోకి వెళ్ళి కూర్చున్నాడు. కనబడ్డవాళ్ళనల్లా అడిగాడు. ఆ వారం పత్రికలో సూర్యుడు ఉదయించలేదు. 'ఈ వారం మీ పిల్లలు' అని శీర్షిక. లోపల కొద్దిపాటి ముచ్చట్లు. వానలో అందరూ తడిశారు, ఎవరికీ జలుబు చేయలేదు. నాలుగో తరగతికి భాగహారం పట్టుబడింది. సునాదకు తప్ప, తను కొత్త దూడకు పేరు వెతికే పనిలో ఉంది. రెండో తరగతి వెంగమాంబకు పన్ను ఊడింది, ఏడవలేదు.

తెల్లారేసరికి జవాబులు వచ్చి పడ్డాయి. దూడకు పేర్లు పంపినవాళ్ళే బోలెడుమంది. కువైట్‌లో పనిచేస్తున్న వెంగమాంబ తల్లి రాసింది: "ఏ పన్ను సామీ? పైదా, కిందదా?"

పరాంకుశం ల్యాప్‌టాప్ పట్టుకుని ఎగురుకుంటూ స్వామి దగ్గరికి వెళ్ళాడు. "తెరిచారు స్వామీ! అందరూ తెరిచారు! ఎవరెవరు ఏ వేళకి తెరిచారో కూడా ఇందులో కనిపిస్తుంది, చూడండి!"

స్వామి కళ్ళద్దాలు పెట్టుకుని ఆ తల్లి రాసింది చదివారు.

"ఏ పన్ను?" అని అడిగారు.

పరాంకుశం తెల్లబోయాడు. "అదీ... చూడలేదు స్వామీ."

"మరి ఇక్కడ నిలబడ్డావేం?"